నలుపు తెలుపు ఛాయాపటములు: సెపియా సిరాను, ప్రింటరును ఎన్నుకొను విధము

భవభూతి మహాకవి రచించిన ఉత్తరరామచరితమున ప్రథమాంకమందు సీతారాములు చిత్రపటములను తిలకించు ఘట్టము కలదు. గడచిపోయిన వనవాసము పటములయందు కన్నులకు కట్టగా ఆ దంపతులు సంతోషమును, దుఃఖమును మఱల ననుభవింతురు. ఆనాడు చిత్రకారుని కుంచె చేసిన పనిని నేడు మన యిండ్లలో ఛాయాపటము చేయుచున్నది. గోడమీద వ్రేలాడు నొక పాతఫోటోను చూపి, "ఈమె నీ ముత్తవ్వ" అని మనుమరాలికి చెప్పగలుగుట చిన్న భాగ్యము కాదు.

సోదరీమణులారా! మన కుటుంబములలో మూడు నాలుగు తరముల క్రిందటి పురుషులకు ఏదో యొక విధముగా గుఱుతులు మిగిలియున్నవి. భూమిపత్రములందు వారి చేవ్రాలుండును. బడి పట్టికలందు వారి పేరుండును. స్త్రీలకో, పెక్కుచోట్ల ఒకేయొక ఫోటో తప్ప మఱేమియు లేదు. అదియు పెండ్లినాడో, తీర్థయాత్ర చేసిననాడో తీయించినది. ఆ యొక్కటి వెలిసిపోయినచో ఆ ముఖమే లోకమునుండి తొలగిపోవును. కావున అట్టి పటమునకు ప్రతి తీయించునపుడు ఏ సిరాతో, ఏ ప్రింటరుతో, ఏ కాగితముమీద తీయింపవలెనో తెలిసికొనుట గృహిణులకు అవశ్యకర్తవ్యము.

గోధుమవన్నె ఎక్కడినుండి వచ్చినది?

పాతఫోటోల గోధుమవన్నెను సెపియా యందురు. సెపియా యనునది గ్రీకుభాషలో ఒక సముద్రజంతువు పేరు. శత్రువు దరిజేరినపుడు అది నీటిలోనికి నల్లని ద్రవమును చిమ్మి తప్పించుకొనును. ఆ ద్రవమునుండి యూరపు చిత్రకారులు పూర్వము గోధుమరంగు సిరా చేసికొనెడివారు. ఫోటోలకు ఆ పేరు రంగు పోలికచేత వచ్చినదే గాని, ఆ జంతువు సిరా వానిలో లేదు.

నలుపు తెలుపు ఫోటోలోని నలుపు సూక్ష్మమైన వెండి రేణువులు. పాతఫోటోలు గోధుమవన్నె నుండుటకు కారణము లొకటి కంటె నెక్కువ. 1850లో బ్లాంకార్ ఎవ్రార్ అను ఫ్రెంచివాడు కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితమును ప్రవేశపెట్టెను. ఆ శతాబ్దమున విశేషభాగము ఫోటోలు దానిమీదనే తీయబడినవి. వాని సహజవర్ణమే కపిలము. కాలక్రమమున అవి మఱింత పసుపెక్కినవి. అటుపిమ్మట కొందఱు ఛాయాచిత్రకారులు తమ నల్లని ఫోటోలను మందునీటిలో ముంచి, వెండిని గంధకముతో కలిపి గోధుమవన్నెకు మార్చిరి. మన యింటి వెండిగిన్నెలు నల్లబడుటకు కారణమైన పదార్థమును, ఈ ఫోటోలలోని గోధుమవన్నెయు ఒక్కటే. అది వెండియు గంధకమును కలిసిన సమ్మేళనము. అట్లు గంధకముతో కలిసిన వెండి, వట్టి వెండికంటె గాలికిని తేమకును ఎక్కువగా నిలుచును. కనుక సెపియా మొదట సొగసుకొఱకు మాత్రమే గాక మన్నికకొఱకును పుట్టినది. ఈ సంగతిని పాఠకురాండ్రు మనస్సునం దుంచుకొనవలెను. నేటి సెపియా యెంతవఱకు మన్నికయైనదో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ప్రయోజనము.

మన తెలుగుదేశమున ఛాయాచిత్రకళను గుఱించి ముచ్చటించునపుడు రాజా లాలా దీన్ దయాళ్ గారిని మఱువరాదు. 1844లో జన్మించి 1905లో దివంగతులైన వీరు ఆఱవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారులై సికిందరాబాదున స్టూడియో నడపిరి. 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగా నొక జనానా స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణమును ఒక ఆంగ్లవనిత కప్పగించిరి. పరపురుషుని యెదుట నిలువరాని స్త్రీలకు సైతము తమ రూపమును నిలుపుకొను కోరిక యుండెననుట కిదియే తార్కాణము.

కరగు సిరాలు, కలియు సిరాలు

ఇప్పటి ప్రింటర్లలో సిరాను సన్నని తుంపరగా కాగితముపై చిమ్మునవి మనకు ముఖ్యములు. వానిలో వాడు సిరాలు రెండు తెఱగులు: డై సిరా, పిగ్మెంటు సిరా. పటికబెల్లము నీటిలో కరగి కనబడకుండ పోవునట్లు డై సిరాలో రంగు నీటిలో కరగియుండును. ముగ్గుపిండి నీటిలో కలిసియు కరగక పలుకులుగా నున్నట్లు పిగ్మెంటు సిరాలో రంగు సూక్ష్మరేణువులుగా నుండును. కరగిన రంగు కాగితములోనికి ఇంకి తళతళలాడును, కాని వెలుతురునకును, గాలిలోని ఓజోను వాయువునకును త్వరగా లొంగును. తేమ తగిలిన వ్యాపించును. రేణువులుగా నున్న రంగులో పైపొర చెడినను లోపలిది మిగులును. అందుచేత పిగ్మెంటు సిరా సామాన్యముగా చిరకాలము నిలుచును.

మా బంధువులలో నొకరి యింట జరిగిన సంగతి చెప్పెదను. వారి అవ్వగారి పాతపటమును పట్టణమున నొక స్టూడియోవారికిచ్చి, పెద్దదిగా సెపియాలో తీయించిరి. తెచ్చిన దినమున చూచినవారందఱు మెచ్చుకొనిరి. క్రొత్తది కాంతివంతముగా నున్నదని పాతదానిని అటకమీద పడవైచిరి. రెండు వర్షకాలములు గడచునప్పటికి గోడమీది పటమున నీలిపాలు హరించి, అవ్వగారి ముఖము ఇటుకపొడివలె ఎఱ్ఱబాఱెను. అటకమీదిదానిని దింపి చూడగా చెదలు తినివేసినవి. ఇప్పుడా యింట ఆమె రూపము నెఱిగిన వృద్ధు లిరువురు మాత్రమే కలరు. వారి తరువాత ఆమె ఎట్లుండెడిదో చెప్పువారుండరు. సిరా యెన్నిక చిన్నవిషయమని తలచువా రీ సంగతిని విచారింతురు గాక.

ఆ పటము ఎఱ్ఱబాఱుటకు హేతువు స్పష్టము. సామాన్య ప్రింటరులో గోధుమవన్నె సిరా యుండదు. నీలము, గులాబి, పసుపు, నలుపు సిరాలను తగుపాళ్ల కలిపి గోధుమవన్నె కల్పింతురు. ఈ సిరాలన్నియు ఒక్కరీతిగా వెలియవు. ఒకటి ముందుగా, మఱియొకటి వెనుకగా వెలియును. పాళ్లు మాఱగానే వన్నె మాఱును. చారులో ఉప్పు తగ్గిననో, చింతపండు తగ్గిననో రుచి వికటించినట్లే యిదియును.

కాటుక చెప్పు పాఠము

రంగులలో నెల్ల కదలనిది మన కాటుకయే. దీపపు మసి వట్టి బొగ్గు. శాస్త్రజ్ఞులు దానిని కార్బన్ అందురు. వెలుతురు దాని నేమియు చేయజాలదు. మన పూర్వులు తాటాకులపై గంటముతో వ్రాసి, ఆ గీతలలో మసి రుద్దెడివారు. ఆకు శిథిలమైన గ్రంథములందును అక్షరము నల్లగానే నిలిచియుండుట ప్రాచీనపుస్తక భాండాగారములలో నేటికిని చూడవచ్చును.

ఈ కార్బనునే మెత్తగా నూఱి సిరాగా చేసి ప్రింటరులో వాడుదురు. ఇందొక చమత్కార మున్నది. గాఢముగా నున్నపుడు నల్లగా కనబడు కార్బను, పలుచన చేసినకొలది సహజముగానే వెచ్చని గోధుమచాయను వెలువరించును. అనగా కార్బనుసిరాతో తీసిన నలుపు తెలుపు పటము, వేఱు రంగు కలుపకయే కొంతవఱకు సెపియావలె నుండును. ఆ వన్నెలో వెలిసిపోవు రంగు లేనందున అది మాఱుట మిక్కిలి తక్కువ. అమెరికాలో వెర్మాంటు రాష్ట్రమున జాన్ కోన్ అను ముద్రణనిపుణు డీ మార్గమునే పట్టి, ఎప్సన్ ప్రింటర్లలోని రంగుసిరాలను తొలగించి, వాని స్థానమున బూడిదవన్నె సిరాలను ఏడు అంతరములుగా నింపు పద్ధతిని ప్రచారము చేసెను. దానికి పీజోగ్రఫీ యని పేరు. అతని సిరాలలో నొక తరగతికి కార్బన్ సెపియా యనియే పేరుండెను. ఇట్టి సిరాలను నడపుటకై రాయ్ హారింగ్టన్ అను నాతడు క్వాడ్‌టోన్ రిప్ అను కంప్యూటరు సాధనమును కల్పించెను.

ఈ పద్ధతి మిక్కిలి మేలైనదే యైనను ప్రతిగృహమునకు తగినది కాదు. బూడిదవన్నెలు నింపిన ప్రింటరులో పిల్లల పుట్టినరోజు ఫోటోలు రంగులలో రావు. పరాయిసిరా పోసిన యంత్రము చెడినచో తయారుచేసినవారు బాధ్యత వహింపకపోవచ్చును. నలుపు తెలుపు ముద్రణమే వృత్తిగా గలవారికిది తగును.

ఏ ప్రింటరు తగును?

గృహస్థులకు ప్రింటర్లను మూడు తరగతులుగా విభజించి చెప్పవచ్చును.

మొదటిది, సామాన్యమైన ఇంకుట్యాంకు ప్రింటరు. పిల్లల బడిపనులకు కొన్నదే ఫోటోలకును వాడుచుందుము. ఎప్సన్ ఎల్ 805 వంటి వానిలో ఆఱు సిరాలున్నను బూడిదవన్నె లేదు. అన్నియు డై సిరాలు. నలుపు తెలుపు ఫోటోలోని బూడిదచాయలను ఇది రంగులు కలిపియే తేవలెను. కావున ఒకచోట ఆకుపచ్చ జీర, ఒకచోట గులాబిజీర కనబడును. ఇట్టి ప్రింటరున్నవారికొక ఉపాయము: అచ్చమైన నలుపు తెలుపునకు బదులు లేత సెపియాను కోరుట. వెచ్చనివన్నెలో చిన్నజీరలు కంటికి తగులవు. అయినను ఇది ఉత్తరములలో పంపుటకును, ఆల్బములో నుంచుకొనుటకును తగునుగాని, గోడమీద తరతరములు నిలుపుటకు తగదు.

రెండవది, బూడిదవన్నె సిరా కూడ గలిగిన ట్యాంకు ప్రింటరు. ఎప్సన్ ఎల్ 8160, ఎల్ 8180 ఈ తరగతివి. వీనిలో నొక బూడిదవన్నె యుండుటచే ఛాయలు మొదటిదానికంటె శుద్ధముగా వచ్చును. కాని ఫోటోకాగితముపై వాడు సిరాలు డై సిరాలే యగుటచే మన్నిక విషయమున జాగ్రత్త అవసరము.

మూడవది, పిగ్మెంటు సిరాల ఫోటోప్రింటరు. 2005లో ఎప్సన్‌వారు ఆర్ 2400 అను ప్రింటరుతో మూడు అంతరముల నలుపును, అనగా నలుపు, లేతనలుపు, మఱింత లేతనలుపు అను సిరాలను ప్రవేశపెట్టిరి. నలుపు తెలుపు చిత్రములకు ప్రత్యేకమైన యొక విధానమును కూడ నందు చేర్చిరి. ఆ విధానమున తటస్థము, శీతలము, ఉష్ణము, సెపియా అని వన్నెలను కోరుకొనవచ్చును. ఇందు చిత్రములో అధికభాగము నల్లసిరాలతోనే యేర్పడి, వన్నెకొఱకు రంగుసిరాలు కొలదిగా మాత్రము పడును. కావున వెలిసినను వికారము తక్కువ. 2020లో వెలువడిన పి 700, పి 900 తరగతి ప్రింటర్లును ఈ పద్ధతివే. కానన్‌వారు 2020లో విడుదలచేసిన ప్రో 300 కూడ పది సిరాల పిగ్మెంటు యంత్రము. పేరు పోలిక చూచి భ్రమపడరాదు. అదే కంపెనీ ప్రో 200 మాత్రము డై సిరాలది.

ఈ మూడవతరగతి యంత్రముల వెల యెక్కువ. సిరాల వెలయు నెక్కువయే. అంతియేగాక వానిని వారమునకు ఒకటి రెండు సారులైన వాడుచుండవలెను. లేనిచో సిరా యెండి సన్నని రంధ్రములు మూసికొనిపోవును. వానిని శుభ్రపఱచుటకు సిరా వృథాయగును. ఉపాధ్యాయుని జీతముతో సంసారము నడపు మా వంటివారికి ఇట్టి యంత్రమును కొనుమని నేను చెప్పజాలను. ఇంటిలో నుండవలసిన పటములు పదియో, పండ్రెండో. వానిని పిగ్మెంటు ప్రింటరు గల స్టూడియోలో తీయించుకొనుటయే లాభము. యంత్రమును కొననక్కఱ లేదు. అడుగవలసిన ప్రశ్న లెఱిగిన చాలును.

ఆ ప్రశ్న లివి: సిరా పిగ్మెంటా, డైయా? ప్రింటరులో బూడిదవన్నె సిరాలెన్ని? సిరా కంపెనీదా, విడిగా కొని నింపినదా? కాగితము పేరేమి? ఒక స్టూడియోవారు వీనికి సమాధానము చెప్పుటకు విసుగుకొన్నచో వేఱొకచోటికి పోవుట మేలు.

కాగితమును చూడవలెను

మంచి సిరాయైనను చెడుకాగితముమీద నిలువదు. మిక్కిలి తెల్లగా, ఇంచుక నీలిచాయగా మెఱయు కాగితములలో తెలుపుకొఱకు ఒక రసాయనమును కలిపియుందురు. బట్టలకు వాడు సబ్బుపొడులలోను ఇట్టివే యుండును. కొంతకాలమునకు ఆ రసాయనము శక్తి నశించి కాగితము పసుపెక్కును. అప్పుడు మనము కోరిన సెపియా, మనము కోరని పసుపుతో కలిసి మురికియగును. ఆమ్లగుణము లేని నూలుకాగితము శ్రేష్ఠము. జర్మనీదేశపు హానెమ్యూలే కంపెనీవారి ఫోటోర్యాగ్ అనునది నూటికి నూఱుపాళ్లు ప్రత్తితో చేసినది. మెఱుపులేని కాగితమునకు మ్యాటు నలుపు, మెఱుపు కాగితమునకు ఫోటో నలుపు అని నల్లసిరాలు వేఱువేఱుగా నుండును. ఒకదానికి మఱియొకటి వాడిన నలుపు పేలవముగా తేలును.

సెపియాను కూడ మితముగా వాడవలెను. సెల్‌ఫోనులలోని కొన్ని సాధనములు ముఖము, ఆకాశము, చీర యన్నిటిని ఒకే గోధుమరంగులో ముంచి, తేనీరు ఒలికిన బట్టవలె చేయును. మందునీటిలో ముంచిన వెండిఫోటోలలో లేతభాగములు మొదట మాఱును, గాఢమైన నలుపు చివరమాఱును. కావున మధ్యచాయలకు వన్నె నిచ్చి, గాఢమైన నలుపును నలుపుగానే విడుచుట అందము. మఱియొక మాట. 1970 ప్రాంతమున శుద్ధమైన నలుపు తెలుపులలో తీసిన ఫోటోకు సెపియా పులిమి నూఱేండ్ల ప్రాచీనత కల్పించుట సత్యము కాదు. మూలపటము ప్రక్కన పెట్టి, దాని వన్నె కెంత సమీపమో అంతయే కోరవలెను.

పరీక్షించు విధము

పెద్దపటము తీయింపకమునుపు అదే కాగితముపై, అదే సిరాతో ఒక చిన్నముక్కను తీయించుడు. దానిని పగలు కిటికీకడను, రాత్రి దీపముకడను చూడుడు. ఒకచోట ఆకుపచ్చగా, ఒకచోట గులాబిగా కనబడినచో రంగుసిరాల పాలు మితిమీఱినదని యర్థము. పిమ్మట ఆ ముక్కలో సగమును మందమైన అట్టతో కప్పి, ఎండ తగులు కిటికీలో రెండు మూడు మాసము లుంచుడు. అట్ట తీసిచూచినపుడు రెండు సగములకును భేదము కనబడినచో ఆ సిరాను నమ్మవలదు.

మూలపటమును స్కాను చేయించునపుడు రంగులలోనే, అంగుళమునకు 600 చుక్కలకు తగ్గకుండ చేయింపుడు. రంగులలో చేసినచో మరకలను వేఱుచేసి తొలగించుట సులభము. ఫోటోను తడిగుడ్డతో తుడువరాదు. అద్దమున కంటుకొన్నదానిని బలిమిని ఊడదీయక, అద్దముతోనే స్కాను చేయింపవలెను. క్రొత్తపటమును ఒకదినము ఆఱనిచ్చి, చుట్టును అట్టచట్ర ముంచి, అద్దము తగులకుండ కట్టింపవలెను. ఎండపడు గోడకును, ధూపము సోకు దేవునిగదికిని దూరముగా వ్రేలాడదీయుట మంచిది. మూలపటమును ఎన్నటికిని పాఱవేయరాదు. ప్రతి యెంత మేలైనదైనను ప్రతియే.

కడపటి విన్నపము. పటము వెనుక మెత్తని పెన్సిలుతో ఆమె పేరు వ్రాయుడు. "ఫలానావారి భార్య", "ఫలానావారి తల్లి" అని వ్రాసి విడువవలదు. ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు, పుట్టినింటి పేరు, ఊరు, తెలిసినంతవఱకు సంవత్సరము వ్రాయుడు. తెలియనిచో, చెప్పగల వృద్ధులు జీవించియుండగనే అడుగుడు. ఆడపడుచులకు, అక్కచెల్లెండ్రకు ఒక్కొక్క ప్రతి పంపుడు. ఒకయింట పోయినది మఱియొకయింట నిలుచును. కాటుకవంటి సిరా ఆమె రూపమును కాపాడగలదు. పేరును కాపాడవలసినది మనమే.